బెసెంట్ రోడ్డు షాపు, బ్యాంకు వడ్డీ, సెన్సెక్స్: మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే గోల, మార్కెట్ ఇంతలా ఎందుకు పెరిగింది, ఇంకా పెరుగుద్దా అని. "ఇంకా పెరుగుద్దా" అనేదానికి నా దగ్గర జవాబు లేదండి, ఉంటే ఈ కాలమ్ రాసుకుంటూ ఎందుకు కూర్చుంటాను, భవానీ ఐలాండ్ కనపడేట్టు ఇల్లు కట్టుకుని కృష్ణమ్మని చూస్తూ కాఫీ తాగుతుండేవాణ్ణి. "ఎందుకు పెరిగింది" అనేదానికి మాత్రం చెప్పాల్సింది చాలానే ఉంది. మొదటి ప్రశ్నకే సగానికి పైగా జాగా పోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, నాకు 34 ఏళ్లు, ప్రైవేట్ ఉద్యోగం. 2020 మార్చిలో లాక్‌డౌన్ అప్పుడు సెన్సెక్స్ (ముంబై మార్కెట్లో 30 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 26 వేల దగ్గర ఉంది, 2024 సెప్టెంబర్‌కి 85 వేలు దాటింది. మా బాబాయేమో దేశం ఎదుగుతోంది కాబట్టి మార్కెట్ పెరుగుతోంది, అంతే, ఇందులో పెద్ద విషయం ఏముంది అంటాడు. ఆఫీసులో సీనియరేమో అదంతా సిప్పుల (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కట్టే వాయిదాల) డబ్బురా, జనం పోస్తున్నారు అది లేస్తోంది అంటాడు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని మా ఆవిడ అడిగితే తెల్లమొహం వేశాను. మార్కెట్ కొన్నిసార్లు పదిహేనేళ్లు వరసపెట్టి పెరగటం, కొన్నిసార్లు పదేళ్లయినా కదలకపోవటం, ఇది ఎందుకు జరుగుద్ది?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీ బాబాయ్ గారు సగం కరెక్టు, మీ సీనియర్ పావు కరెక్టు. మిగిలిన పావు ఇద్దరూ వదిలేశారు, ఆ వదిలేసిన పావులోనే ఉంది అసలు సంగతి.

కాసేపు షేర్లు పక్కన పెట్టండి. బెసెంట్ రోడ్డులో ఒక చిన్న షాపు ఉందనుకుందాం (లెక్క కోసమే లెండి, నేను చెప్పే రేట్లకి ఇప్పుడు అక్కడ షాపు కాదు కదా షట్టర్ కూడా రాదు). నెలకి 10 వేలు అద్దె, అంటే ఏడాదికి లక్షా 20 వేలు. బ్యాంకులో ఎఫ్డీకి 12 శాతం ఇస్తున్న రోజులు. అదే లక్షా 20 వేలు బ్యాంకులో రావాలంటే 10 లక్షలు వేస్తే చాలు, కాబట్టి ఆ షాపుకి 10 లక్షలకి మించి ఎవడిస్తాడు, అద్దెకున్నవాడితో తగువులు, మున్సిపల్ పన్ను, వానొస్తే కారే స్లాబు, ఇవన్నీ ఎవడు పడతాడు చెప్పండి. ఇప్పుడు బ్యాంకు వడ్డీ 6 శాతానికి దిగింది. అదే లక్షా 20 వేలు రావాలంటే ఇప్పుడు 20 లక్షలు వెయ్యాలి, దాంతో షాపు రేటు కూడా మెల్లగా 20 లక్షలకి పోతుంది. అద్దె ఒక్క రూపాయి పెరగలేదు, షాపు జానెడు కూడా వెడల్పు కాలేదు, రేటు మాత్రం డబుల్. ఈలోపు బజార్లో వ్యాపారం బాగుండి అద్దె కూడా 20 వేలయిందనుకోండి, 40 లక్షలు. ఆ పైన "ఇటు మెట్రో వస్తుందంట" అని ఎవరో అన్నారనుకోండి, రేపు పెరగబోయే అద్దెకి ఇవాళే లెక్కగట్టి 60 లక్షలు ఇవ్వటానికి ఒకడు రెడీ అయిపోతాడు. అద్దె పెరిగింది రెండు రెట్లు, రేటు పెరిగింది ఆరు రెట్లు.

షేర్లలో అద్దె అంటే కంపెనీ లాభం. ఎన్నేళ్ల అద్దె కలిపి ఇచ్చి కొంటున్నాం అనేదాన్నే పీఈ అంటారు. మన షాపుకి మొదట్లో ఎనిమిదేళ్ల పైచిలుకు అద్దె ఇస్తున్నారు, చివర్లో పాతికేళ్ల అద్దె ఇస్తున్నారు. మార్కెట్ ఏళ్లకేళ్లు పెరిగిన ప్రతిసారీ ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి పనిచేసినట్టే కనపడుద్ది: లాభాలు పెరగటం, వడ్డీలు దిగటం, ఆ తర్వాత జనానికి ఆశ పుట్టి పీఈ ఎక్కడం. మీ బాబాయ్ గారు చెప్పింది మొదటిది ఒక్కటే.

ఆ ఒక్కటి చాలదనటానికి అమెరికా లెక్క ఒకటి ఉంది, 1999లో అక్కడి పేరున్న ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ చెప్పాక చాలామందికి తెలిసింది. 1964 ఆఖరి రోజున డౌ జోన్స్ ఇండెక్స్ (అక్కడి సెన్సెక్స్ అనుకోండి) 874. 1981 ఆఖరి రోజున 875. పదిహేడేళ్లు, ఒక్క పాయింటు! పోనీ ఆ పదిహేడేళ్లు అమెరికా నిద్రపోయిందా అంటే లేదు, మనుషుల్ని చంద్రుడి మీదకి పంపింది, దేశం జీడీపీ దాదాపు అయిదు రెట్లయింది (ధరల పెరుగుదల కలిపి లెండి). ఆ తర్వాత పదిహేడేళ్లలో, అంటే 1998 ఆఖరుకి, జీడీపీ మూడు రెట్లు కూడా కాలేదు, డౌ మాత్రం 875 నుంచి 9,181కి పోయింది, పది రెట్ల పైన. దేశం జోరుగా పెరిగినప్పుడు మార్కెట్ పడుకుంది, దేశం కాస్త నెమ్మదించాక మార్కెట్ పరిగెత్తింది. మీ బాబాయ్ గారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి, ఏమంటారో నాకు కూడా రాయండి.

తేడా ఎక్కడుందంటే వడ్డీలో. అక్కడి గవర్నమెంటు దీర్ఘకాలం బాండ్ల (అప్పు పత్రాల) మీద 1964 చివర్లో సుమారు 4 శాతం వచ్చేది, 1981 చివరికి అది 13 శాతం దాటింది, 1998 చివరికి మళ్ళీ 5 శాతానికి దిగింది. మన షాపు లెక్కే, అద్దె పెరుగుతోంది కానీ బ్యాంకు వడ్డీ అంతకన్నా జోరుగా పెరుగుతోంది, ఇంక షాపు రేటు ఎక్కడ లేస్తుంది. ఆ వడ్డీలు అంతలా పెరగటానికి కారణం ధరలు, పెట్రోలు రేట్లు 1973లో ఒకసారి 1979లో ఒకసారి మండిపోయాయి, నోటు విలువ ఏటేటా కరిగిపోతుంటే అప్పిచ్చేవాడు ఎక్కువ వడ్డీ అడక్క ఏం చేస్తాడు. 1979లో పాల్ వోల్కర్ అనే ఆయన అక్కడి సెంట్రల్ బ్యాంకు ఛైర్మన్ అయి, ధరలు దిగేదాకా వదలను అని బ్యాంకుల మధ్య వడ్డీని 20 శాతం దాకా తీసుకెళ్ళాడు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకి రూపాయిన్నర పైన, అదీ బ్యాంకులకి! ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, రైతులు ట్రాక్టర్లేసుకుని వాషింగ్టన్ మీదకి వెళ్ళారు, ఇళ్ళు కట్టేవాళ్ళు కొనేవాడు లేక కోపంతో చెక్కముక్కలు పోస్టులో ఆయనకి పంపించారు. కానీ 1983కల్లా ధరల పెరుగుదల 4 శాతం లోపుకి వచ్చేసింది. డౌ అడుగు చూసింది 1982 ఆగస్టు 12న, 777 దగ్గర. అక్కడినుంచి మొదలైన పరుగు, మధ్యలో 1987 దెబ్బ తిన్నా సరే, 2000 జనవరి దాకా సాగింది.

నాకు ఇందులో నచ్చే విషయం ఏంటంటే, పరుగు మొదలైన రోజున ఎవరికీ మొదలైనట్టు తెలీదు. 1982లో అమెరికాలో నిరుద్యోగం భయంకరంగా ఉంది, షేర్లంటే జనం మొహం తిప్పుకునేవాళ్ళు. సరిగ్గా అందుకే చవగ్గా ఉన్నాయి.

మన దగ్గర కూడా కథ అచ్చంగా ఇదే. 1995, 96 ప్రాంతంలో బ్యాంకు ఎఫ్డీకి 12, 13 శాతం వచ్చేది, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, అయిదారేళ్లలో డబుల్ అని మురిసిపోయేవాళ్ళు. అదే టైములో కంపెనీలు 16, 17 శాతానికి అప్పులు తెచ్చి ఫ్యాక్టరీలు కట్టి, సరుకు అమ్ముడుపోక వడ్డీలు కట్టలేక కిందామీదా పడ్డాయి. తర్వాత ఆరేడేళ్లు వాటికి అప్పులు తీర్చుకోవటం, ఖర్చులు కోసుకోవటం, ఇదే పని. అది వార్తగా ఎవరూ రాయలేదు, రాయటానికి అందులో ఏముంది గనక. ఆ మౌనంగా జరిగిన పనే తర్వాత పంట అయింది. 2003 వచ్చేసరికి పదేళ్ల గవర్నమెంటు బాండు వడ్డీ 5 శాతం దగ్గరకి వచ్చింది, హోమ్ లోన్లు చవకైనాయి, చైనా మన ఇనుప ఖనిజం నుంచి స్టీలు దాకా ఏది దొరికితే అది కొంటోంది, ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీలు ఒక్కసారి నిండిపోయాయి. ఫ్యాక్టరీ ఎట్లాగూ కట్టేసి ఉంది, అప్పు ఎట్లాగూ తీరిపోయింది, కొత్తగా వచ్చే ప్రతి రూపాయి అమ్మకంలో ఎక్కువ భాగం లాభంలోకే పోద్ది. 2003 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 3 వేలు కూడా లేదు, పీఈ 13 ప్రాంతం. 2008 జనవరిలో 21 వేలు, పీఈ పాతిక పైన. లాభాలు మూడు రెట్ల పైన, వాటికి జనం ఇచ్చే రేటు రెండు రెట్ల పైన, రెండూ గుణించుకోండి, ఏడు రెట్ల పెరుగుదల ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

సరే, ఆశ సంగతి. లాభం లెక్కకి దొరుకుద్ది, వడ్డీ లెక్కకి దొరుకుద్ది, ఇది దొరకదు. అమరావతి చుట్టుపక్కల భూములు చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, 2014 తర్వాత రాజధాని అనగానే ఎకరం రేటు ఎక్కడికి పోయిందో, 2019 తర్వాత కొనేవాడు లేక ఎట్లా పడుకుందో, 2024లో మళ్ళీ ఎట్లా లేచి కూర్చుందో. అదే మట్టి, పండితే అదే మినుము, అదే పత్తి. మార్కెట్లో కూడా పెరుగుదల ఆఖరి అంకం ఇట్లాగే ఉంటుంది, లాభాల కన్నా రేటు ముందు పరిగెత్తుద్ది, "ఈసారి లెక్క వేరు" అనే మాట పెళ్ళిళ్ళ భోజనాల దగ్గర కూడా వినపడుద్ది. 1992 ఏప్రిల్‌లో బ్యాంకుల డబ్బుతో షేర్లు ఎగదోసిన బ్రోకర్ హర్షద్ మెహతా టైములో సెన్సెక్స్ పీఈ 50 దాటింది. యాభై ఏళ్ల అద్దె ఇచ్చి షాపు కొనటం అన్నమాట, అదీ బ్యాంకులు రెండంకెల వడ్డీ ఇస్తున్న రోజుల్లో.

కొత్త టెక్నాలజీ వల్ల పెరుగుద్ది అంటారు కొందరు, కరెంటు, కార్లు, కంప్యూటర్లు, ఇప్పుడు ఏఐ. కొంత నిజం. కానీ టెక్నాలజీ వల్ల బాగుపడేది ఎక్కువగా వాడుకునే మనం, పోటీలో పడి కంపెనీలకి మిగిలేది ఒక్కోసారి చిల్లరే, టెలికాం చూశాం కదా, కాల్ రేట్లు పైసల్లోకి వచ్చి మనకి పండగైతే ఆ రంగంలో ఎన్ని కంపెనీలు మూతపడ్డాయో.

ఇంక మీ 2020 ప్రశ్న. మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడి సెన్సెక్స్ 26 వేల కిందకి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని (తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని) మే నెలకల్లా 4 శాతానికి దించింది, అమెరికా అయితే దాదాపు సున్నాకి తెచ్చింది. దానికి ముందు 2019 సెప్టెంబర్‌లోనే కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించి ఉన్నారు, అంటే అద్దెలో పన్ను పోగా చేతికి మిగిలేది పెరిగింది. బ్యాంకులు పాత మొండి బాకీలు చాలావరకు కడిగేసుకుని ఉన్నాయి. మళ్ళీ అదే బొమ్మ, భయం వల్ల చవక, వడ్డీ కింద, లాభాలు లేవటానికి రెడీగా. సిప్పులు, షేర్లు దాచుకునే కొత్త డీమ్యాట్‌లు ఆ తర్వాత పెద్దఎత్తున వచ్చి చేరాయి, 2020 మార్చికి దేశం మొత్తం మీద 4 కోట్ల చిల్లర డీమ్యాట్ అకౌంట్లు ఉంటే 2023 ఆగస్టుకి 10 కోట్లు దాటాయి. పొయ్యి రాజేసింది వాళ్ళు కాదు, మండుతున్న పొయ్యిలో కట్టెలేసింది వాళ్ళు. మీ సీనియర్‌కి నేను పావు మార్కులే వేసింది అందుకే.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్ని. 1994లో మా బావమరిది మాట విని కొన్ని షేర్లు కొన్నాను. "లాంగ్ టర్మ్ ఉంచండి మాస్టారూ" అన్నారు, ఉంచాను. 2003 వరకు ఎదుగూ బొదుగూ లేదు, విసిగిపోయి అమ్మేశాను, అమ్మిన ఏడాదే పెరగటం మొదలుపెట్టింది. అసలు లాంగ్ టర్మ్ అంటే ఎన్నేళ్ళండీ?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, మీ మీద కాదు, నా మీద. నేనూ అదే బ్యాచ్. 1994, 95లో గవర్నర్ పేటలో ఒక మేడ మెట్ల కింద గదిలో సబ్ బ్రోకర్ ఆఫీసు ఉండేది, కౌంటర్ మీద ఐపీఓ (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మటం) ఫారాలు అట్టలు అట్టలుగా పెట్టి పైన ఎర్ర ఇటుక బరువు పెట్టేవాళ్ళు, జనం సినిమా టికెట్లకి ఎగబడ్డట్టు ఎగబడి తీసుకెళ్ళేవాళ్ళు. రేటు కావాలంటే ఎస్టీడీ చేసి హైదరాబాద్ అడగాలి, లేదంటే రేపటి పేపర్. ఆ రోజుల్లో మన కోస్తాలో రొయ్యల మీద మోజు, నేను కూడా ఒక రొయ్యల చెరువుల కంపెనీకి అప్లై చేసి, వంద షేర్లు అలాట్ అయ్యాయని ఇంటికి కవరొస్తే స్వీట్లు పంచాను. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా బీరువాలో పట్టుచీరల కింద ఉంది, ఆకుపచ్చ అంచు, కింద డైరెక్టర్ల సంతకాలు, కాగితం మాత్రం భలే మందం. కంపెనీయే లేదు. ఒకటి రెండేళ్లలో ఆఫీసుకి తాళం, రాసిన ఉత్తరాలు వెనక్కి. అప్పట్లో జనం దగ్గర డబ్బు తీసుకుని మాయమైన ఇట్లాంటి వాటికి "వ్యానిషింగ్ కంపెనీలు" అని ఏకంగా పేరే వచ్చింది, అన్నొచ్చాయి మరి.

మీ ప్రశ్నకి వస్తే, మీరు ఎంతకాలం ఉంచారనేదానికన్నా ఏ రేటు దగ్గర ఎక్కారనేది ఎక్కువ పనిచేసింది. 1992 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 4,467. మీరు కొన్న 1994లో కూడా మళ్ళీ 4 వేల పైన ఆడింది. మధ్యలో 2000 ఫిబ్రవరిలో టెక్ షేర్ల పిచ్చిలో 6 వేలు తాకి వచ్చింది, 2003 ఏప్రిల్‌లో చూస్తే 3 వేల లోపు. పదకొండేళ్లు! ఆ పదకొండేళ్లలో కంపెనీల లాభాలు పెరగకుండా లేవు, కాకపోతే 1992లో కొన్నవాడు వచ్చే పదేళ్ల పెరుగుదలకి కూడా ముందే డబ్బు కట్టేసి కూర్చున్నాడు. అదే టైములో ఎఫ్డీ వేసుకున్న మీ తోటి టీచరు మీకన్నా హాయిగా ఉండి ఉంటారు, ఆ మాట స్టాఫ్ రూములో మీతో అనే ఉంటారు కూడా.

మనదేం పెద్ద లెక్క కాదు, జపాన్ వాళ్ళది వినండి. నిక్కీ ఇండెక్స్ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసింది, పీఈ 60 ప్రాంతంలో. మళ్ళీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్పై నాలుగేళ్లు, అప్పుడు ఉద్యోగంలో చేరినవాడు రిటైరయిపోయాడు. పైగా ఈ మధ్యకాలంలో అక్కడ వడ్డీలు సున్నాకి దిగాయి, పైన షాపు లెక్క చదివి వడ్డీ దిగితే చాలు మార్కెట్ లేస్తుందని ఎవరైనా అనుకుంటే జపాన్ వైపు చూడమంటాను. ఎక్కిన రేటు మరీ ఎక్కువైతే, లాభాలు నీరసంగా ఉంటే, వడ్డీ సున్నా అయినా ఏమీ చెయ్యలేదు. అమెరికాలో కూడా 1929 సెప్టెంబర్‌లో 381కి పోయిన డౌ మళ్ళీ ఆ మెట్టు ఎక్కింది 1954 నవంబర్‌లో. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి కాబట్టి మరీ అంత ఘోరం కాదు అంటారు, నిజమే, కానీ డివిడెండ్ చెక్కులు చూసుకుంటూ పాతికేళ్లు ఓపిక పట్టే మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

2003లో విసిగి అమ్మింది మీరొక్కరే కాదండీ. మీలాంటి వాళ్ళందరూ విసిగి అమ్మేశాకే ఆ పరుగు మొదలైంది, అమ్మేవాళ్ళు అయిపోయిన చోటే రేటు అడుగు ఉంటుంది. ఇది మీకు ఓదార్పు కాదని నాకు తెలుసు.

ప్రశ్న: నేను గృహిణిని. ఇంటి ఖర్చుల్లో మిగిల్చి చీటీలు కట్టేదాన్ని, రెండేళ్లుగా అందులో సగం సిప్ కడుతున్నాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏమంటున్నారంటే, ఇదివరకు ఫారినర్లు అమ్మితే మన మార్కెట్ కూలిపోయేది, ఇప్పుడు మనలాంటి వాళ్ళ సిప్పులు ఉన్నాయి కాబట్టి ఇంక పడదు, పడ్డా కొంచెమే పడుద్ది అంటున్నారు. నిజమేనా అండీ?
– ఒక పాఠకురాలు, గొల్లపూడి

జవాబు: అమ్మా, సగం నిజం ఉంది, కొట్టిపారెయ్యను. 2008 మొత్తం ఏడాదిలో విదేశీ సంస్థలు మన షేర్లలో సుమారు 53 వేల కోట్లు అమ్మితే సెన్సెక్స్ సగానికి సగం పోయింది. 2024 అక్టోబర్ ఒక్క నెలలో 94 వేల కోట్లు అమ్మితే పడింది 6 శాతం లోపే. మార్కెట్ సైజు ఇప్పుడు చాలా పెద్దది కాబట్టి అంకెకి అంకె పోల్చకూడదు అనుకోండి, అయినా తేడా ఉంది కదా. వాళ్ళు అమ్మింది ఎవరు కొన్నారంటే మన మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, వాటి వెనక మీ నెల నెలా సిప్పు. 2016లో దేశం మొత్తం మీద నెలకి 3 వేల కోట్ల చిల్లర వచ్చే సిప్ డబ్బు 2024 అక్టోబర్‌కి 25 వేల కోట్లు దాటింది.

కానీ మీ గ్రూపులో వాళ్ళు రెండో వైపు చూడటం లేదు. గుంటూరు మిర్చి యార్డుకి ఎప్పుడైనా వెళ్ళారా? నల్లపాడు వైపు పోతుంటేనే ముక్కు మండుద్ది, తుమ్ములు ఆగవు. అక్కడ రేటు కొంచెం లేచిందని తెలిస్తే ఏమవుద్దో తెలుసా, అంతకుముందు రోజు వరకు కోల్డ్ స్టోరేజీల్లో చల్లగా పడుకున్న మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీలెక్కి యార్డులో దిగుతాయి. వ్యాపారి ఎంత కొన్నా సరుకు వస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాచిపెట్టుకున్న ప్రతివాడూ ఈ రేటు కోసమే చూస్తున్నాడు. షేర్లు కూడా సరుకే కదమ్మా. రేటు బాగుందనగానే కంపెనీ ఓనర్లు వాటాలు అమ్ముతారు, కొత్త ఐపీఓలు దిగుతాయి. 2024లో ఐపీఓల్లో జనం దగ్గర తీసుకున్నది లక్షన్నర కోట్ల పైన, అప్పటికి రికార్డు. అందులో అన్నిటికన్నా పెద్దది అక్టోబర్‌లో వచ్చిన హ్యుందాయ్ ఇండియా ఇష్యూ, 27,870 కోట్లు, ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ఇక్కడి కంపెనీలోకి పోలేదు, మొత్తం కొరియాలో ఉన్న మాతృసంస్థ తన వాటా అమ్ముకున్నదే. అందులో తప్పేం లేదు, మంచి రేటుంటే అమ్ముకోరా మరి. అంటే దేశం మొత్తం ఆ నెల కట్టిన సిప్పులకన్నా ఎక్కువ ఆ ఒక్క ఇష్యూకే సరిపోయింది.

ఇంకోటి, సిప్పు అనేది జీతం ఉన్నన్నాళ్ళు, మనసు ధైర్యంగా ఉన్నన్నాళ్ళు వచ్చే డబ్బు. చీటీలో అయితే పాడుకున్నాక మానేస్తానంటే ఊరుకోరు, ష్యూరిటీ ఇచ్చినవాళ్ళ ఇంటి మీదకి పోతారు. సిప్పుని ఫోన్లోనే ఆపేసుకోవచ్చు, ఎవరూ తలుపు కొట్టరు. మూడేళ్లు పెరక్కుండా కూర్చుంటే మీ గ్రూపులో ఎంతమంది కడతారో మీకే బాగా తెలుస్తుంది. మీరు మాత్రం ఆపాలా వద్దా అని నన్ను అడగలేదు, మంచిపని చేశారు, అది మీ ఇంటి లెక్క చూడకుండా చెప్పే విషయం కాదు. ఇందులో వేసిన డబ్బు పాప ఫీజుకో ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కో వచ్చే ఏడాదే కావాల్సిందైతే, అప్పుడు మళ్ళీ రాయండి, గట్టిగా తిడతాను.

ప్రశ్న: అన్నా, నేను బీకాం సెకండియర్. మార్కెట్ పెరిగితే బుల్ అంటారు కదా, ఎంత పెరిగితే బుల్? మా లెక్చరర్ 20 శాతం అన్నారు, యూట్యూబ్‌లో ఒకాయన పదేళ్లు అన్నాడు.
– ఒక విద్యార్థి, అరండల్ పేట, గుంటూరు

జవాబు: ఇద్దరూ వేరే వేరే సంగతులు చెప్తున్నారు తమ్ముడూ. అడుగు నుంచి 20 శాతం లేస్తే బుల్, పైనుంచి 20 శాతం పడితే బేర్, ఇది పేపర్ల వాళ్ళకి హెడ్డింగు పెట్టుకోటానికి పనికొచ్చే లెక్క, పరీక్షలో అదే రాయి, మార్కులు పోగొట్టుకోకు. ఎద్దు కొమ్ములతో పైకి ఎత్తుద్ది, ఎలుగు పంజాతో కిందకి కొడుద్ది, అట్లా గుర్తుపెట్టుకో. ఆ యూట్యూబ్ ఆయన చెప్పేది లాభాలు, వడ్డీలు, ఆశ మూడూ కలిసి ఏళ్ల తరబడి లాక్కెళ్ళే పెద్ద పరుగు, దాని లోపల చిన్న బేర్లు వచ్చిపోతూ ఉంటాయి. పైన చెప్పిన 2003–2008 పరుగే చూడు. 2004 మే 17న, ఎన్నికల ఫలితాల తర్వాత, ఒక్కరోజే సెన్సెక్స్ 11 శాతం పడితే ట్రేడింగ్ రెండుసార్లు ఆపారు. 2006లో మే 10 నుంచి జూన్ 14 లోపల 12,600 నుంచి 8,900కి వచ్చేసింది, మీ లెక్చరర్ లెక్క ప్రకారం ఖాయంగా బేర్ మార్కెట్టే. అదే ఏడాది డిసెంబర్ ఆఖరుకి 13,700 పైన ఉంది.